జబ్బు రాకముందే వెతుక్కోవలసిన మనిషి

మీ ఇంటికి బియ్యం ఏ కొట్టునుంచి వస్తాయో మీకు తెలుసు. పాలు పోసేది ఎవరో, బంగారం చేయించేది ఏ కంసాలి దగ్గరో, అమ్మాయి పెళ్ళికి ముహూర్తం ఎవరిచేత పెట్టించాలో, ఇవన్నీ ముందే నిర్ణయించుకొని ఉంటారు. కొత్తవారి దగ్గరికి వెళ్ళవలసి వస్తే నలుగురినీ వాకబు చేస్తారు. బాగానే ఉంది. ఇప్పుడు నేనొక ప్రశ్న అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. మీ రక్తపోటు కిందటి సంవత్సరం ఎంత ఉండేదో, ఈ సంవత్సరం ఎంత ఉందో చూసి చెప్పగలిగిన మనిషి మీ ఊళ్ళో ఒక్కరైనా ఉన్నారా?

చాలా ఇళ్ళలో ఈ ప్రశ్నకు జవాబుండదు. పేరున్న గుండె డాక్టరు ఎవరో చెబుతారు. హైదరాబాదులోనో విజయవాడలోనో ఏ ఆసుపత్రి మంచిదో చెబుతారు. కాని ఆ ఆసుపత్రి దాకా పోవలసిన అవసరం రాకుండా చూసే మనిషి మాత్రం ఉండరు. అటువంటి మనిషిని ఎలా వెతుక్కోవాలో ఈ వారం చెప్పుకుందాం. ఆ మనిషి చాలా సందర్భాలలో డాక్టరు కాకపోవచ్చు, నర్సు కావచ్చు. "నర్సు దగ్గరికి వెళ్ళాలా?" అని ముఖం చిట్లించకుండా చివరిదాకా చదవండి.

చిన్న పట్టణంలో జరుగుతున్నది

నలభై ఎనిమిదేళ్ళ గుమాస్తా ఒకాయనను ఊహించుకోండి. పేరెందుకు, ఇటువంటివారు ప్రతి వార్డులోనూ ఉన్నారు. అప్పుడప్పుడు తలనొప్పి వస్తుంది. మందుల షాపుకు వెళ్ళి "తలనొప్పికి ఒక బిళ్ళ ఇవ్వు" అంటాడు. బిళ్ళ వేసుకుంటే తగ్గుతుంది. ఇలా ఏళ్ళు గడుస్తాయి. ఒకనాటి తెల్లవారుజామున లేవబోతే కుడి చెయ్యి లేవదు, మాట తడబడుతుంది. ఆసుపత్రిలో చూస్తే రక్తపోటు 210/120. ఎన్నాళ్ళనుంచి ఉందో ఎవరికీ తెలియదు, ఎవరూ కొలవలేదు గనుక. వారింటికి నాలుగు వీధుల అవతలే ప్రభుత్వ ఆరోగ్య కేంద్రం ఉంది. అక్కడ బి.పి. చూసే నర్సు ఉంది, మాత్రలు ఉచితంగా ఇస్తారు. ఆయన ఒక్కసారి కూడా ఆ గుమ్మం తొక్కలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

మన పట్టణాలలో సాధారణంగా నాలుగు దారులు కనిపిస్తాయి. మొదటిది మందుల షాపు. రెండవది వీధి చివర ఉన్న "ఆర్.ఎం.పి. డాక్టరు". ఆర్.ఎం.పి. అంటే రిజిస్టరైన వైద్యుడని అర్థం. నిజానికి ఆ మాట చట్టప్రకారం పేరు నమోదైన డాక్టరుకే చెల్లుతుంది. బోర్డు మీద ఆ మూడక్షరాలు రాసుకున్న చాలామందికి ఏ రిజిస్టరులోనూ పేరుండదు. మూడవది ఏకంగా స్పెషలిస్టు: కడుపులో మంటకు ఒకరు, కాళ్ళనొప్పులకు ఒకరు, కళ్ళు తిరిగితే ఇంకొకరు. ముగ్గురూ మందులు రాస్తారు. ఒకరు రాసినది ఇంకొకరికి తెలియదు. నాలుగవది "తగ్గిపోతుందిలే" అని ఊరుకోవడం. ఈ నాలుగవ దారిలో మన గృహిణులు ముందుంటారు.

నీరసంగా ఉందని సెలైను ఎక్కించుకునే అలవాటు గురించి ఇక్కడే ఒక మాట. అరలీటరు గ్లూకోజు సీసా, అంటే 5 శాతం రకం, అందులో ఉండే చక్కెర 25 గ్రాములు. ఐదారు చెంచాలు! అరలీటరు మామూలు సెలైనులో ఉండే ఉప్పు నాలుగున్నర గ్రాములు. నోటితో తాగగలిగిన మనిషికి ఈ మాత్రం చక్కెర, ఉప్పు సూదిద్వారా ఎక్కించడంవల్ల ప్రత్యేకమైన బలమేమీ రాదు. కీళ్ళనొప్పులకు వెంటనే "గుణమిచ్చే" ఇంజక్షన్లలో తరచు స్టెరాయిడ్లు ఉంటాయి. అవి నొప్పిని అణుస్తాయి. కాని మోతాదు తెలియకుండా నెలల తరబడి వాడితే షుగరు పెరుగుతుంది, ముఖం ఉబ్బుతుంది, ఎముకలు గుల్లబారుతాయి. రోగి కోరిందీ పాలే, వైద్యుడిచ్చిందీ పాలే అన్నట్టు ఇద్దరూ సంతోషంగానే ఉంటారు. శరీరమే నష్టపోతుంది.

ప్రాథమిక వైద్యమంటే చిన్నవైద్యం కాదు

"ప్రాథమిక" అనగానే ఒకటో తరగతి గుర్తుకొస్తుంది. జలుబుకు, దగ్గుకు ఇచ్చే మందే ప్రాథమిక వైద్యమనుకుంటారు. అది పొరపాటు. మనిషిని మొదట చూసి, ఇది ఇక్కడ నయమయ్యేదా, పైకి పంపవలసిందా అని తేల్చడం ప్రాథమిక వైద్యంలో ఒక భాగం. బి.పి., షుగరు, ఉబ్బసం వంటి దీర్ఘరోగాలను నెలనెలా కనిపెట్టి ఉండటం రెండవ భాగం. టీకాలు, గర్భిణీల పరీక్షలు, కాన్సరును తొలిదశలో పట్టుకునే పరీక్షలు మూడవ భాగం. ఈ మూడింటికీ కావలసింది పెద్ద యంత్రాలు కాదు. తెలిసిన మనిషి, ఓపిక, ఒక రిజిస్టరు.

ఓపిక ఎందుకన్నానో లెక్క వేసి చూడండి. ఉదయం ఐదు గంటలలో నూరుమంది రోగులను చూసే డాక్టరు ఒక్కొక్కరికి ఇవ్వగలిగింది మూడు నిమిషాలు. మందు రాయడానికి అది చాలవచ్చు. ఊరగాయ ఎందుకు తగ్గించాలో, మాత్ర ఎందుకు మానకూడదో, పుండు పడకుండా పాదాలు ఎలా చూసుకోవాలో చెప్పడానికి చాలదు. నేను ప్రభుత్వ డాక్టరును. ఈ మాట చెప్పడానికి నాకు సంకోచం లేదు.

నర్సు దగ్గర వైద్యమా?

నర్సుకు అదనపు శిక్షణ ఇచ్చి, మొదటి వైద్యం ఆమె చేతికి అప్పగించాలన్న ఆలోచన కొత్తది కాదు. 1965లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో లొరెట్టా ఫోర్డ్ అనే ప్రజారోగ్య నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల డాక్టరు కలిసి మొదటి శిక్షణ ప్రారంభించారు. డాక్టర్లు చాలని చోట్ల పిల్లలకు సరైన వైద్యం అందడం లేదని వారు గమనించారు. ఇలా తయారైన నర్సును అక్కడ "నర్సు ప్రాక్టీషనరు" అంటారు. రోగిని పరీక్షించడం, పరీక్షలు రాయడం, జబ్బు తేల్చడం, మందులు రాయడం ఆమె పని. ఫోర్డ్ 2025 జనవరిలో, తన 104వ ఏట కన్నుమూశారు. ఆమె నాటిన విత్తనం అప్పటికి మహావృక్షమైంది.

సరే, డాక్టరుతో సమానంగా చూడగలరా అన్న సందేహం మీకు వచ్చినట్టే వైద్యులకూ వచ్చింది. న్యూయార్కులో ఒక పరీక్ష పెట్టారు. 1,316 మంది రోగులను చీటీలు వేసినట్టుగా రెండు జట్లుగా పంచి, ఒక జట్టును నర్సు ప్రాక్టీషనర్లకు, ఇంకొక జట్టును డాక్టర్లకు అప్పగించారు. ఇద్దరికీ ఒకే అధికారాలు ఇచ్చారు. ఆరు నెలల తరవాత చూస్తే రోగుల ఆరోగ్యంలో చెప్పుకోదగిన తేడా లేదు. షుగరు రోగులలో, ఉబ్బసం రోగులలో కూడా లేదు. రక్తపోటు ఉన్నవారిలో మాత్రం కింది అంకె డాక్టర్ల జట్టులో సగటున 85 ఉంటే, నర్సుల జట్టులో 82 ఉంది. ఫలితాలు 2000 సంవత్సరంలో అమెరికా వైద్య సంఘం పత్రికలో వెలువడ్డాయి. ఆ తరవాత 2018లో ఇటువంటి 18 అధ్యయనాలను కలిపి పరిశీలించినవారు కూడా, ప్రాథమిక వైద్యంలో శిక్షణ పొందిన నర్సుల ఫలితాలు డాక్టర్ల ఫలితాలకు తీసిపోవని తేల్చారు. నర్సులు రోగితో కాస్త ఎక్కువసేపు గడిపారనీ, రోగులు ఎక్కువ తృప్తి చెందారనీ కూడా చెప్పారు.

ఇక్కడ "శిక్షణ పొందిన" అన్న మాటను అండర్‌లైను చేసుకోండి. తెల్లకోటు వేసుకున్న ప్రతివారూ నర్సు కాదు. నర్సయిన ప్రతివారూ నర్సు ప్రాక్టీషనరూ కాదు.

మన దగ్గర ఉన్నదేమిటి?

అమెరికాలో మాదిరిగా సొంతంగా క్లినిక్కు పెట్టి మందులు రాసే నర్సు ప్రాక్టీషనరు మన చిన్న పట్టణాలలో ఉండదు. అందుచేత ఎవరైనా ప్రైవేటుగా ఆ బోర్డు పెట్టుకుని కూర్చుంటే అనుమానించండి. అయితే ఆ పనిలో చాలా భాగం చేసే నర్సులు ప్రభుత్వ వ్యవస్థలో ఉన్నారు. సంగతి చాలామందికి తెలియదు, అంతే.

2018లో కేంద్ర ప్రభుత్వం లక్షన్నర ఉపకేంద్రాలను, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలను ఆరోగ్య, స్వస్థత కేంద్రాలుగా మార్చాలని తలపెట్టింది. 2023లో వీటికి ఆయుష్మాన్ ఆరోగ్య మందిరాలని పేరు మార్చారు. ఉపకేంద్రం స్థాయిలో వీటిని నడపడానికి ఎక్కువగా నర్సింగు చదివినవారినే తీసుకుని, ఆరు నెలల ప్రత్యేక శిక్షణ ఇచ్చారు. తరవాత ఆ పాఠాలను బి.ఎస్సీ. నర్సింగులోనే చేర్చారు. వీరిని కమ్యూనిటీ హెల్త్ ఆఫీసరని, మన రాష్ట్రాలలో ఎం.ఎల్.హెచ్.పి. అని అంటారు. ఆమె చిన్న జబ్బులకు నిర్ణీత పద్ధతిలో మందులిస్తుంది. బి.పి., షుగరు మందులు మొదట డాక్టరు రాస్తారు. తరవాత నెలనెలా కొలిచి, మాత్రలిచ్చి, తేడా కనిపిస్తే తిరిగి డాక్టరుకు చూపించేది ఆమె. అవసరమైతే "ఈ-సంజీవని" ద్వారా అక్కడినుంచే డాక్టరుతో మాట్లాడిస్తుంది.

పట్టణంలో ఉన్నవారికి పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉంటుంది. 2013లో ప్రారంభమైన పట్టణ ఆరోగ్య మిషన్ ప్రకారం సుమారు 50,000 జనాభాకు ఒకటి. అందులో ఎం.బి.బి.ఎస్. డాక్టరు, స్టాఫ్ నర్సులు, ఏ.ఎన్.ఎం.లు ఉంటారు. తెలంగాణలో 2018లో హైదరాబాదులో మొదలైన బస్తీ దవాఖానాలు తరవాత ఇతర పట్టణాలకూ వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో ఏర్పడిన వార్డు సచివాలయాలలో ఏ.ఎన్.ఎం.నే ఆరోగ్య కార్యదర్శిగా నియమించారు. ముప్ఫై ఏళ్ళు దాటిన ప్రతివారికీ బి.పి., షుగరు పరీక్షించడం, నోటి కాన్సరు, రొమ్ము కాన్సరు, గర్భాశయ ముఖద్వార కాన్సరు సూచనలు వెతకడం ఈ సిబ్బంది విధులలో ఉంది. "మాకేం జబ్బు లేదమ్మా, పక్కింటికి వెళ్ళు" అని గుమ్మంలోంచే పంపేస్తున్నది మనమే!

ఎలా వెతకాలి?

మొదట, మీ వీధి ఏ ఆరోగ్య కేంద్రం కిందికి వస్తుందో తెలుసుకోండి. వీధికి వచ్చే ఆశా కార్యకర్తను అడిగితే నిమిషంలో చెబుతుంది. అంగన్‌వాడీలో అడిగినా చెబుతారు.

రెండవది, అక్కడ బి.పి., షుగరు రోగులను చూసే రోజు, వేళ కనుక్కోండి. అందరూ ఒకే వేళకు వెళితే పెళ్ళి భోజనాల బంతిలా ఉంటుంది. రద్దీ తగ్గే వేళ ఎప్పుడో సిబ్బందినే అడగండి.

మూడవది, వెళ్ళి ఆమె పని చేసే తీరు చూడండి. పేరు, పెద్ద భవంతి, ఏసీ గది కాదు చూడవలసింది. కిందివి చూడండి.

1. చదువు, రిజిస్ట్రేషను. ఏ.ఎన్.ఎం. రెండేళ్ళ కోర్సు, జి.ఎన్.ఎం. మూడేళ్ళు, బి.ఎస్సీ. నర్సింగు నాలుగేళ్ళు. ఏది చదివినా పేరు రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో నమోదై ఉండాలి. ప్రైవేటు నర్సింగుహోములో ఇంజక్షను చేసేవారిని సైతం "ఏం చదివారమ్మా?" అని మర్యాదగా అడగవచ్చు. చదువుకున్నవారు సంతోషంగా చెబుతారు. చదవనివారికే కోపం వస్తుంది.

2. బి.పి. చూసే పద్ధతి. వెళ్ళగానే, మెట్లెక్కిన ఆయాసం తీరకుండానే పట్టీ చుట్టిందా? ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, వీపుకు ఆనింపు ఇచ్చి, చెయ్యిని గుండె ఎత్తులో బల్లమీద పెట్టించి చూసిందా? కాఫీ తాగిన అరగంట లోపల చూస్తే అంకె ఎక్కువ చూపుతుంది. ఆ సంగతి అడిగిందా? లావుపాటి చేతికి పెద్ద పట్టీ వాడిందా? ఎక్కువ వస్తే మళ్ళీ చూసిందా? ఈ ఒక్క పనిలోనే సగం మార్కులు వేయవచ్చు.

3. రాయడం. అంకె నోటితో చెప్పి వదిలేయకుండా మీ పుస్తకంలోనూ, తన రిజిస్టరులోనూ రాసిందా?

4. అడగడం. ఇంకే మందులు వాడుతున్నారు, మీ అమ్మానాన్నలకు షుగరు ఉందా, పొగాకు అలవాటుందా అని అడిగిందా? అడగకుండానే మందిచ్చేవారు ఎవరైనా సరే జాగ్రత్తపడాలి.

5. "ఇది నా చేతిలో పని కాదు" అనడం. అన్నిటికంటె ముఖ్యమైన పరీక్ష ఇదే. "ఇది డాక్టరుగారు చూడాలి, ఈరోజే వెళ్ళండి" అని చీటీ రాసి పంపే నర్సు దొరికితే ఆమెను వదులుకోకండి. తనకు తెలియనిది తెలుసుకోవడం వైద్యంలో పెద్ద చదువు.

ఈ ఐదింటిలో మూడు కుదిరినా మంచి మనిషి దొరికినట్టే, కాని ఆ మూడింటిలో మొదటిదీ చివరిదీ తప్పక ఉండాలి. కుదరకపోతే ఆ కేంద్రంలోనే ఇంకొకరిని చూడండి. లేకపోతే రోగులతో మాట్లాడే ఓపిక ఉన్న ఎం.బి.బి.ఎస్. డాక్టరును ఎంచుకోండి.

మొదటిసారి వెళ్ళినప్పుడు

ఒక నోటుపుస్తకం కొనండి. పిల్లల లెక్కల పుస్తకం చాలు. మొదటి పేజీలో పేరు, వయస్సు, రక్తవర్గం, పడని మందులు రాయండి. ఇంట్లో వాడుతున్న మాత్రలన్నీ, ఆయుర్వేదం, హోమియో మందులతో సహా, సంచిలో వేసుకు వెళ్ళండి. "తెల్లమాత్ర పొద్దున, ఎర్రమాత్ర రాత్రి" అంటే ఎవరికీ అర్థం కాదు.

అంకెలు మీకూ తెలిసి ఉండాలి. వేర్వేరు రోజులలో చూసినా 140/90 లేదా అంతకు మించి ఉంటే రక్తపోటు ఉన్నట్టే. పరగడుపున షుగరు 126 లేదా అంతకు మించి రెండుసార్లు వచ్చినా, మూడు నెలల సగటు చెప్పే హెచ్.బి.ఎ.1సి. పరీక్ష 6.5 లేదా ఆపైన రెండుసార్లు వచ్చినా మధుమేహం కిందే లెక్క. ఒక్కసారి చూసి బెంబేలు పడవద్దు. ఒక్కసారి చూసి "నాకేం లేదు" అని మురిసిపోవద్దు.

మందు మొదలుపెట్టాక జరిగే పెద్ద ప్రమాదం "ఇప్పుడు బాగానే ఉంది గదా" అని మానేయడం. మాత్ర వేసుకుంటున్నారు కాబట్టే బాగుంది. గొడుగు వేసుకుని నడుస్తూ "నేను తడవడం లేదు, ఇక గొడుగెందుకు?" అని మూసేసినట్టుంటుంది ఇది. ఇటువంటి చోటే తెలిసిన నర్సు విలువ బయటపడుతుంది. ఉదయం ఇడ్లీ బండి పెట్టుకునే ఒక స్త్రీ మాత్రలకు ఈ నెల రాలేదని ఏ.ఎన్.ఎం. రిజిస్టరులో కనిపెట్టి, బండి దగ్గరికే వెళ్ళి "ఏం వదినా, మందులకు రాలేదేం?" అని అడిగిందనుకోండి. ఎంత పెద్ద ఆసుపత్రి ఆ పని చేయగలదు? ఆ ఒక్క మాట ఎన్ని పక్షవాతాలను ఆపుతుందో!

అన్నట్టు, గర్భిణీలున్న ఇళ్ళవారు ఇంకొకటి గుర్తుంచుకోండి. 2016నుంచి ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ కేంద్రాలలో డాక్టరుచేత గర్భిణీలకు ఉచిత పరీక్షలు జరిపించే ఏర్పాటుంది. మీ నర్సునడిగితే ఎక్కడికి వెళ్ళాలో చెబుతుంది.

ఆమె దగ్గర ఆగకూడని సమయాలు

నర్సును నమ్మమన్నాను గాని, అన్నిటికీ ఆమె దగ్గరే కూర్చోమనలేదు. కింది లక్షణాలు కనిపిస్తే ఏ ఆరోగ్య కేంద్రానికీ నడవకండి. 108కి ఫోను చేసి, అన్ని సౌకర్యాలున్న ఆసుపత్రికి వెళ్ళండి.

ఛాతీలో బరువు, నొప్పి, దానితో చెమటలు, ఎడమ చేతికో దవడకో పాకడం. "గ్యాసు" అనుకుని సోడా తాగుతూ కూర్చున్నవారిని చాలామందిని చూశాను.

మూతి వంకరపోవడం, ఒక చెయ్యి లేదా కాలు పడిపోవడం, మాట తడబడటం. మెదడులో గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే ఇంజక్షను నాలుగున్నర గంటలలోపు ఇవ్వాలి. ఏ నిమిషంలో మొదలైందో గుర్తుపెట్టుకోండి.

స్పృహ తప్పడం, ఫిట్స్, ఊపిరాడకపోవడం, పాముకాటు, రక్తపు వాంతి, తారులాంటి నల్లని విరేచనం.

గర్భిణీకి రక్తస్రావం, లేదా తీవ్రమైన తలనొప్పి, కళ్ళు మసకబారడం, ఒళ్ళు పొంగడం.

పసిబిడ్డ పాలు తాగకపోవడం, మగతగా పడి ఉండటం, ఊపిరి తీస్తుంటే డొక్కలు ఎగరేయడం.

డెంగ్యూ జ్వరం విషయంలో ప్రత్యేకంగా చెప్పాలి. జ్వరం దిగిన తరవాత ఒకటి రెండు రోజులే అసలు జాగ్రత్త అవసరం. జ్వరం తగ్గింది గదా అనుకున్నప్పుడే కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళనుంచి రక్తం కనిపిస్తే ఆలస్యం చేయవద్దు.

పిల్లలు అమెరికాలో ఉన్నవారికి

ఈ రోజుల్లో చిన్న పట్టణాలలో సైతం అబ్బాయో అమ్మాయో అమెరికాలో ఉన్న ఇళ్ళు చాలా ఉన్నాయి. ఆరు నెలలు ఉండి వద్దామని వెళ్ళిన తల్లిదండ్రులు "అక్కడ డాక్టరు చూడలేదండీ, నర్సు చూసి పంపేసింది" అని చిన్నబుచ్చుకుని చెబుతుంటారు. వారిని చూసింది బహుశా ఇంతదాకా చెప్పుకున్న నర్సు ప్రాక్టీషనరే. నర్సింగు డిగ్రీపైన మాస్టర్సో డాక్టరేటో చేసి, జాతీయస్థాయి పరీక్ష ప్యాసైన మనిషి. చిన్న నగరాలలో మొదటి వైద్యం తరచు వీరి చేతిలోనే ఉంటుంది. సగానికి పైగా రాష్ట్రాలలో వీరు స్వతంత్రంగా పనిచేయవచ్చు. మనవాళ్ళు ఎక్కువగా ఉండే టెక్సస్ వంటి రాష్ట్రాలలో డాక్టరుతో ఒప్పందం ఉండాలి. అందువల్ల మీకు అవమానం జరిగిందనుకోకండి.

అక్కడ ఉద్యోగం చేసే పిల్లలు చేయవలసింది ఇది: ఊరు మారిన మొదటి నెలలోనే తమ ఇన్సూరెన్సు జాబితాలో దగ్గరున్న క్లినిక్కులు చూసి, కొత్త రోగులను తీసుకుంటున్నారా అని ఫోనులో అడగాలి. చిన్న నగరాలలో మొదటి అపాయింట్‌మెంటుకు వారాల తరబడి ఆగవలసి రావచ్చు. అందుకే జ్వరం వచ్చాక వెతకకూడదు. ఆ నర్సు లైసెన్సు వివరాలు ఆ రాష్ట్ర నర్సింగ్ బోర్డు దగ్గర ఎవరైనా చూసుకోవచ్చు. ఇన్సూరెన్సు లేనివారికి ప్రభుత్వ సహాయంతో నడిచే సామాజిక ఆరోగ్య కేంద్రాలున్నాయి. అక్కడ ఆదాయాన్నిబట్టి ఫీజు తగ్గిస్తారు.

ఇక్కడినుంచి వెళ్ళే పెద్దవారు మాత్రం ఉండబోయే కాలానికి సరిపడా మందులు, డాక్టరు చీటీతో, విడదీయని ప్యాకెట్లలో తీసుకువెళ్ళాలి. కంపెనీ పేర్లు అక్కడివారికి తెలియవు. మందు అసలు పేరు, మోతాదు రాయించుకోండి. సందర్శకుల ఇన్సూరెన్సులు చాలావరకు పాత జబ్బులకు డబ్బివ్వవు. సంతకం పెట్టేముందే చదవాలి. ప్రాణాపాయం వస్తే అక్కడ 108 కాదు, 911. ఇంతకుముందు చెప్పిన నోటుపుస్తకం కూడా సంచిలో పెట్టుకోండి. అది ఏ దేశంలోనైనా పనిచేస్తుంది.

చివరిగా ఒక మనవి

మన ఇళ్ళలో డాక్టరు వస్తే లేచి నిలబడతారు. నర్సు వస్తే "ఏమే" అంటారు. రోజంతా నిలబడి, ఇంటి సమస్యలు ఇంటి దగ్గర వదిలి వచ్చిన మనిషి ఆమె. "అమ్మా" అనో "సిస్టర్" అనో పిలిస్తే మీ సొమ్మేం పోదు. ఆమెకు తన రోగిగా మీరు గుర్తుండాలంటే మీరు కూడా ఆమె పేరు తెలుసుకోవాలి. బదిలీ అయినప్పుడు మీ పుస్తకం చూపించి కొత్తగా వచ్చినవారిని పరిచయం చేసుకోండి. మనిషి మారినా అంకెల వరస తెగకూడదు.

ఈ వారంలో ఒక పొద్దున గంటసేపు తీరిక చేసుకోండి. ఇంట్లో ముప్ఫై దాటినవారందరూ కలిసి వెళ్ళండి. బి.పి. చూపించుకోండి, షుగరు చూపించుకోండి, పుస్తకంలో రాయించుకోండి. అన్నీ సరిగ్గా ఉంటే సంతోషం. ఏదైనా తేడా ఉంటే ఇంకా సంతోషం, ముందే తెలిసినందుకు. మీ ఇంట్లో ఈ పనిని ఎప్పుడూ వాయిదా వేసే మనిషి ఎవరో మీకు తెలుసు. ఆవిడనే ముందు తీసుకువెళ్ళండి.